ఆఫ్ఘన్ గడపలో ప్రచ్ఛన్న యుద్ధం

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన 1945 మొదలుకొని సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన 1991 వరకు అమెరికాకు, సోవియట్ రాజ్యానికి నడుమ సాగిన సుదీర్ఘ వైరాన్ని తెలుగులో మనం ప్రచ్ఛన్న యుద్ధం అంటున్నాము. ప్రచ్ఛన్నమంటే మరుగున ఉన్నది, కంటికి కానరానిది అని అర్థం. ఇంగ్లీషువారు దీనికే చల్లని యుద్ధమని పేరు పెట్టారు. ఈ రెండు పేర్లూ వాషింగ్టన్‌కు, మాస్కోకు చక్కగా సరిపోతాయి. ఆ నలభై అయిదు సంవత్సరాలలో ఆ రెండు రాజ్యాలు ఒకదానిపై ఒకటి యుద్ధం ప్రకటించుకోలేదు. న్యూయార్క్ వీధిలో సోవియట్ బాంబు పడలేదు. లెనిన్‌గ్రాడ్ ఇంటి కప్పుపై అమెరికా బాంబు పడలేదు.

అయితే కొరియా రైతుకు గాని, వియత్నాం తల్లికి గాని, ఆఫ్ఘనిస్తాన్‌లోని పసివానికి గాని ఆ యుద్ధం మరుగున ఉన్నదీ కాదు, చల్లనిదీ కాదు. వారి పొలాలలో, వారి పాఠశాలలలో, వారి వంటయిళ్ళలో అది బహిరంగంగా జరిగింది. ఆంబోతులు కుమ్ములాడుకుంటే లేగదూడల కాళ్ళు విరుగుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ సామెతకు ఇరవయ్యవ శతాబ్దంలో ఆఫ్ఘనిస్తాన్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. ఆ దేశ చరిత్రను నింపాదిగా పరిశీలిస్తే, అగ్రరాజ్యాల పోటీ ఒక చిన్న దేశంలోకి ముందు కానుకగాను, తరువాత ఆయుధంగాను ఏ విధంగా ప్రవేశించిందో, చివరకు ఎవరికీ చెప్పకుండా ఏ విధంగా వెళ్ళిపోయిందో తెలుస్తుంది.

వైరానికి మూలం

హిట్లర్‌ను ఓడించేంతవరకు ఒకే పక్షాన నిలిచిన ఈ రెండు రాజ్యాలు విజయం చేతికందిన కొద్దికాలానికే విడిపోయాయి. భూమి, కర్మాగారం, వర్తకం సమస్తం రాజ్యం చేతిలో ఉండాలన్నది ఒకరి సిద్ధాంతం. సొంత ఆస్తి, స్వేచ్ఛా వాణిజ్యం పునాదులపైనే సమాజం నిలవాలన్నది మరొకరి సిద్ధాంతం. కమ్యూనిజం విస్తరణను అడ్డుకోవడం తమ విధానమని 1947 మార్చిలో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ప్రకటించారు. 1949 ఏప్రిల్‌లో నాటో ఏర్పడింది. 1955 మే నెలలో దానికి పోటీగా వార్సా ఒప్పంద కూటమి వెలిసింది.

ఈలోగా 1949 ఆగస్టు 29న కజక్ మైదానాలలోని సెమిపలాతిన్‌స్క్‌లో సోవియట్ రాజ్యం తన తొలి అణుబాంబును పేల్చింది. ఇక ఇరువురికీ ఒక సత్యం బోధపడింది. నేరుగా తలపడితే ఇద్దరిలో ఎవరూ మిగలరు. 1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల సంక్షోభం ఆ భయాన్ని పదమూడు రోజుల పాటు ప్రపంచమంతటికీ రుచి చూపించింది. అందువల్ల వైరం సమసిపోలేదు; అది ఇతరుల నేలలకు తరలిపోయింది. ఇరాన్‌లో ప్రజాప్రతినిధుల సభ ఎన్నుకున్న ప్రధాని ముసద్దిఖ్‌ను 1953 ఆగస్టులో కూలదోసిన కుట్రలో తన పాత్ర ఉన్నదని అమెరికా గూఢచార సంస్థ సీఐఏ అరవై ఏళ్ళ తరువాత, 2013లో, బహిరంగంగా అంగీకరించింది. 1956లో హంగేరీ ప్రజల తిరుగుబాటును సోవియట్ ట్యాంకులు అణచివేశాయి. స్వేచ్ఛ అన్నది ఒకరి నినాదం, సమానత్వం అన్నది మరొకరి నినాదం. తమ ప్రయోజనానికి అడ్డు వచ్చినపుడు ఇరువురూ తమ తమ నినాదాలను పక్కన పెట్టారు.

ఇరువైపుల నుంచీ కానుకలు

ఆఫ్ఘనిస్తాన్ ఈ రెండు కూటములలో దేనిలోనూ చేరలేదు. 1955 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో సమావేశమైన 29 ఆసియా, ఆఫ్రికా దేశాలలో అది ఒకటి. 1961లో బెల్‌గ్రేడ్‌లో జరిగిన అలీన దేశాల తొలి శిఖరాగ్ర సభలోనూ భారతదేశం సరసన కూర్చున్నది. రాజు జాహిర్ షా పాలనలో దేశం పేదదే గాని ప్రశాంతంగా ఉండేది. ఉత్తరాన అమూ దర్యా నది అవతల సోవియట్ రాజ్యం, దక్షిణాన, తూర్పున పాకిస్తాన్, పడమర ఇరాన్. ఈ స్థానమే ఆ దేశానికి వరంగాను, శాపంగాను పరిణమించింది.

మొదట అది వరంగానే కనిపించింది. హెల్మంద్ నదీ లోయను సస్యశ్యామలం చేయాలని ఆఫ్ఘన్ ప్రభుత్వం 1946లో ఒక అమెరికా నిర్మాణ సంస్థతో ఒప్పందం చేసుకున్నది. అమెరికాలో హూవర్ డ్యాం కట్టిన సంస్థలలో అది ఒకటి. 1953 నాటికి కజకీ ఆనకట్ట పూర్తయింది. లష్కర్ గాహ్ పట్టణంలో అమెరికా ఇంజినీర్ల నివాసాలు వెలిశాయి. జనం దానిని చిన్న అమెరికా అని పిలుచుకున్నారు. అయితే నేల స్వభావాన్ని ముందుగా సరిగా పరీక్షించకపోవడంతో, మురుగునీరు పోయే దారి లేక చాలాచోట్ల పొలాలు చవిటినేలలయ్యాయి.

అమెరికన్లు ఒక లోయలో పని చేస్తూ ఉండగా, సోవియట్లు రాజధానికి వచ్చారు. కాబూల్ వీధులకు తారు పరిచారు. ధాన్యాగారాన్ని, దానికి అనుబంధంగా రొట్టెల కర్మాగారాన్ని కట్టించారు. 1955 డిసెంబరులో సోవియట్ నాయకులు క్రుశ్చేవ్, బుల్గానిన్ భారత పర్యటన తరువాత కాబూల్ చేరి 10 కోట్ల డాలర్ల రుణాన్ని ప్రకటించారు. 1959 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ స్వయంగా కాబూల్‌లో దిగారు. హిందూకుష్ పర్వతాలను తొలిచి సోవియట్ ఇంజినీర్లు నిర్మించిన సలాంగ్ సొరంగం 1964లో ప్రారంభమయింది. దాదాపు 3,400 మీటర్ల ఎత్తున, రెండున్నర కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ సొరంగం ఉత్తర ప్రాంతాన్ని కాబూల్‌కు ఏడాది పొడవునా కలిపింది. అమెరికన్లు కాబూల్ నుంచి కాందహార్‌కు రహదారి వేశారు. సోవియట్లు తమ సరిహద్దు నుంచి హెరాత్ మీదుగా కాందహార్‌కు కాంక్రీటు రహదారి వేశారు. రెండు అగ్రరాజ్యాల బాటలు కాందహార్‌లో కలుసుకున్నాయి.

నాటి ప్రధానమంత్రి దావూద్ ఖాన్ అమెరికా సిగరెట్టును సోవియట్ అగ్గిపుల్లతో వెలిగించుకోవడంలో ఆనందిస్తారని అప్పట్లో చెప్పుకునేవారు. ఇద్దరి నుంచీ లబ్ధి పొందడం నేర్పరితనమే. కాని ఒక్క విషయంలో ఆ తూకం తప్పింది. బ్రిటిష్ వారు 1893లో గీసిన డ్యూరండ్ సరిహద్దు రేఖను కాబూల్ అంగీకరించలేదు. రేఖకు అవతల ఉన్న పష్తూన్ల విషయమై పాకిస్తాన్‌తో వివాదం రగులుతూనే ఉండేది. పాకిస్తాన్ అమెరికా కూటమిలో చేరి ఆయుధాలు పొందుతున్నది. కాబూల్ కూడా అమెరికాను ఆయుధాలు కోరింది, అమెరికా నిరాకరించింది. అపుడు, 1956లో, దావూద్ ఖాన్ సోవియట్ ఆయుధాలు తీసుకున్నారు. ఆయుధాలతో పాటు శిక్షకులు వచ్చారు. ఆఫ్ఘన్ సైనికాధికారులు శిక్షణ కోసం సోవియట్ దేశానికి వెళ్ళారు. పొరుగువానితో తగవును మాటలతో తీర్చుకోలేని ఇల్లు తన తాళపుచెవిని ఇంకెవరి చేతిలోనో పెట్టవలసి వచ్చింది.

శాసనాలతో సంస్కరణ

1973 జూలై 17న రాజు ఇటలీలో ఉన్న సమయంలో దావూద్ ఖాన్ సైన్యం సాయంతో అధికారాన్ని చేజిక్కించుకుని దేశాన్ని గణతంత్రంగా ప్రకటించారు. క్రమంగా ఆయన సోవియట్ ప్రభావం నుంచి తప్పుకోవాలని చూశారు. 1978 ఏప్రిల్ 27న కమ్యూనిస్టు అధికారులు తిరుగుబాటు చేశారు. దావూద్ ఖాన్‌ను, ఆయన కుటుంబ సభ్యులను చంపివేశారు. నూర్ మొహమ్మద్ తరాకీ, హఫీజుల్లా అమీన్‌ల నాయకత్వంలో ఖల్క్ వర్గం రాజ్యమేలింది.

కొత్త పాలకులు వరుసగా శాసనాలు జారీ చేశారు. రైతుల అప్పులపై ఒకటి, భూముల పంపిణీపై ఒకటి, వివాహాలపై ఒకటి. వివాహ శాసనాన్ని మన పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. పష్తూన్లలో వరుని పక్షం వధువు తండ్రికి సొమ్ము చెల్లించే ఆచారం ఉన్నది. ఒకప్పటి తెలుగు నాట ఉన్న కన్యాశుల్కం వంటిదే అది. ఆ దురాచారాన్ని తొలగించాలన్న ఆలోచనలో తప్పు లేదు. ఇస్లాం కూడా దానిని సమర్థించదు. కాని మహర్ అన్నది తండ్రికి చెల్లే మూల్యం కాదు. అది వధువు సొంత హక్కు. కొత్త శాసనం ఆ మహర్‌నే 300 ఆఫ్ఘనీలకు పరిమితం చేసింది. ఆడపిల్ల భద్రతకై ధర్మం ఏర్పరచిన హక్కును, ఆమె తండ్రి పొందే అక్రమ లాభాన్ని ఒకే గాటన కట్టివేశారు. గ్రామ పెద్దలను గాని, ఉలమాలను గాని, స్వయంగా ఆ స్త్రీలను గాని సంప్రదించలేదు.

మంచి పనిని కూడా తుపాకి చూపించి చేయిస్తే జనం దానిని ద్వేషిస్తారు. దేశ పతాకాన్ని ఎర్రగా మార్చారు. కాదన్నవారిని కాబూల్ శివారులోని పులె చర్ఖీ చెరసాలకు పంపారు. వేలాదిమంది అక్కడి నుంచి తిరిగి రాలేదు. వారిలో మతపండితులు, ఉపాధ్యాయులు, గిరిజన పెద్దలు, చివరకు పర్చమ్ అనే ప్రత్యర్థి కమ్యూనిస్టు వర్గం వారు కూడా ఉన్నారు. 1979 మార్చిలో హెరాత్ నగరం తిరగబడింది. సైన్యంలో ఒక భాగం జనంతో కలిసింది.

ఆ సమయంలో తరాకీ సోవియట్ సేనలను పంపమని మాస్కోను ప్రాధేయపడ్డారు. సోవియట్ ప్రధాని కొసీగిన్ అపుడు నిరాకరించారు. విదేశీ సైన్యం అడుగుపెడితే ప్రజలు దానిపైనే తిరగబడతారని మాస్కో నాయకులు ముందే గ్రహించారని తరువాత వెలువడిన వారి రహస్య పత్రాలే తెలుపుతున్నాయి. మరొకవైపు 1979 జూలై 3న అమెరికా అధ్యక్షుడు కార్టర్ తిరుగుబాటుదారులకు ఆయుధేతర సహాయం రహస్యంగా అందించే ఉత్తర్వుపై సంతకం చేశారు. అంటే సోవియట్ సేనలు రావడానికి దాదాపు ఆరు మాసాల ముందే రెండవ అగ్రరాజ్యం కూడా ఆ ఇంట అడుగుపెట్టింది.

స్నేహపు బాటపై ట్యాంకులు

అక్టోబరులో అమీన్ తన గురువైన తరాకీని చంపించారు. అమీన్‌ను మాస్కో నమ్మలేదు. మార్చిలో తెలిసిన సత్యాన్ని డిసెంబరు నాటికి మాస్కో విస్మరించింది. 1979 డిసెంబరు 25న సోవియట్ సేనలు అమూ దర్యా దాటాయి. 27వ తేదీ రాత్రి తాజ్‌బేగ్ రాజభవనంపై దాడి చేసి అమీన్‌ను చంపి, బబ్రక్ కర్మల్‌ను గద్దెపై కూర్చోబెట్టాయి. ఆ దాడిలో ఉజ్బెక్, తాజిక్, తుర్క్‌మెన్ యువకులతో ప్రత్యేకంగా కూర్చిన దళం ఒకటి పాల్గొన్నది. ముస్లిముల ఇళ్ళలో పుట్టిన బిడ్డలనే ముస్లిముల దేశంపైకి పంపారన్నమాట.

సేనలు వచ్చిన దారులను గమనించండి. ఒక భాగం సలాంగ్ సొరంగం మీదుగా కాబూల్ చేరింది. మరొక భాగం హెరాత్, కాందహార్‌ల వైపు సాగిపోయే కాంక్రీటు రహదారిపై వచ్చింది. ఒకప్పుడు స్నేహ చిహ్నాలుగా ప్రశంసలందుకున్న నిర్మాణాలే ఇపుడు యుద్ధ మార్గాలయ్యాయి. అమెరికా నిర్మించి ఇచ్చిన కాందహార్ విమానాశ్రయాన్ని సోవియట్ యుద్ధవిమానాలు వాడుకున్నాయి. సోవియట్ సాయంతో విస్తరించిన బగ్రామ్ విమాన స్థావరాన్ని 2001 తరువాత ఇరవై ఏళ్ళు అమెరికా సైన్యం వాడుకున్నది. కట్టినవారెవరైనా, వాడుకున్నవారెవరైనా, దాని పక్కన నివసించిన గ్రామస్థుని పరిస్థితి మాత్రం మారలేదు.

1980 జనవరి 14న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ విదేశీ సేనలు వెళ్ళిపోవాలని 104 ఓట్లతో తీర్మానించింది. 18 దేశాలు వ్యతిరేకించాయి. 18 దేశాలు తటస్థంగా ఉన్నాయి. వాటిలో భారతదేశం ఒకటి. అదే నెలలో ఇస్లామాబాద్‌లో ప్రత్యేకంగా సమావేశమైన ఇస్లామీయ దేశాల సంస్థ కూడా ఆక్రమణను ఖండించింది. తీర్మానాలు తీర్మానాలుగానే మిగిలాయి. లక్షకు పైగా సోవియట్ సైనికులు తొమ్మిదేళ్ళు అక్కడే ఉన్నారు.

ఎవరి పోరాటం, ఎవరి లెక్క

ఆఫ్ఘన్ రైతు తన ఊరిని, తన ఇంటిని, తన ధర్మాన్ని కాపాడుకోవడానికి లేచాడు. ఆ హక్కును ఎవరూ కాదనలేరు. కాని అతని పోరాటం త్వరలోనే ఇతరుల ఖాతా పుస్తకంలోకి ఎక్కింది. 1980లో అమెరికా అధ్యక్షుని భద్రతా సలహాదారు బ్రజెజిన్‌స్కీ ఖైబర్ కనుమ వద్దకు వచ్చి, మీ పోరాటం ధర్మబద్ధమైనదని, దైవం మీ పక్షాన ఉన్నాడని ముజాహిదీన్లకు చెప్పారు. 1983లో అధ్యక్షుడు రీగన్ ఆఫ్ఘన్ యోధులను శ్వేతసౌధానికి ఆహ్వానించారు. అమెరికా దాదాపు మూడు వందల కోట్ల డాలర్లు వెచ్చించింది. సౌదీ అరేబియా దానికి దీటుగా సొమ్ము చెల్లించింది. పంపిణీ పాకిస్తాన్ గూఢచార శాఖ చేతుల మీదుగా జరిగింది. 1986లో భుజంపై నుంచి పేల్చే స్టింగర్ క్షిపణులు చేరాయి. సోవియట్ హెలికాప్టర్లు నేలకూలసాగాయి.

వాషింగ్టన్ లక్ష్యం ఆఫ్ఘన్ ప్రజల సుఖం కాదు. మాస్కోకు రక్తస్రావం కలిగించడం. మాస్కో లక్ష్యమూ ఆఫ్ఘన్ కార్మికుని విముక్తి కాదు. తన సరిహద్దులో తనకు లొంగిన ప్రభుత్వాన్ని నిలుపుకోవడం. అందుకే ఆయుధాల ప్రవాహానికి కొదువ రాలేదు గాని, రేపు ఈ దేశాన్ని ఎవరు, ఏ విధంగా కలిసి నడుపుతారన్న ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు. పెషావర్‌లో ఏడు పార్టీలకు గుర్తింపు దొరికింది. ఆయుధాలు ఆ ఏడింటికే అందేవి. రేషన్ కావాలంటే శరణార్థి కుటుంబం కూడా వాటిలో ఏదో ఒకదాని పేర నమోదు కావలసి వచ్చేది. ఒకే ఊరి నుంచి వచ్చిన బంధువులు వేర్వేరు పార్టీల కార్డులతో వేర్వేరు వరుసలలో నిలబడ్డారు. రేపటి అంతర్యుద్ధానికి బీజం ఆ వరుసలలోనే పడింది.

చెదిరిన కాపురాలు

1990 నాటికి పాకిస్తాన్, ఇరాన్‌లలో తలదాచుకున్న ఆఫ్ఘన్ శరణార్థుల సంఖ్య 60 లక్షలు దాటింది. ఆ దేశ ప్రజలలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు ఇల్లు విడిచారు. నాటి ప్రపంచంలో అంత పెద్ద శరణార్థి సమూహం మరొకటి లేదు. మరణించిన ఆఫ్ఘన్ల సంఖ్య పది లక్షల వరకు ఉంటుందని అంచనా. సోవియట్ పక్షాన సుమారు 15,000 మంది సైనికులు చనిపోయారు. వారిలో అధికులు నిర్బంధ సైనిక సేవకు పిలుపందుకున్న పంతొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్లలు. సీలు వేసిన జింకు పెట్టెలలో వారి దేహాలు ఇళ్ళకు చేరాయి. కొడుకు ఎక్కడ, ఎందుకు చనిపోయాడో సమాధి రాతిపై రాయడానికి సైతం చాలాచోట్ల ఆ తల్లులకు అనుమతి దొరకలేదు.

సోవియట్ విమానాలు కొండదారులలో వెదజల్లిన చిన్న ప్లాస్టిక్ మందుపాతరలకు సీతాకోకచిలుక రెక్కల ఆకారం ఉండేది. వాటిని ఆటవస్తువులనుకొని తీసుకున్న పిల్లలు చేతులు పోగొట్టుకున్నారు. ఇంధనం కోసం పుల్లలేరడానికి వెళ్ళిన ఆడపిల్లలు కాళ్ళు పోగొట్టుకున్నారు. పెషావర్ సమీపంలోని నాసిర్ బాగ్ శిబిరంలో తీసిన ఒక ఆఫ్ఘన్ బాలిక ఛాయాచిత్రం 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రఫిక్ పత్రిక ముఖచిత్రమై ప్రపంచమంతా తిరిగింది. ఆ కళ్ళను కోట్లాదిమంది చూశారు. ఆ బాలిక పేరేమిటో లోకానికి తెలియడానికి మరో పదిహేడేళ్ళు పట్టింది.

పాఠ్యపుస్తకంలో తుపాకి

ఈ చరిత్ర అంతటిలో తల్లిదండ్రులు ఎక్కువగా ఆలోచించవలసిన ఘట్టం ఇది. అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ 1984 నుంచి 1994 వరకు ఆఫ్ఘన్ విద్యా కార్యక్రమాల కోసం నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి 5 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. దారీ, పష్తో భాషలలో పాఠ్యపుస్తకాలు తయారయ్యాయి. లక్షల ప్రతులు శరణార్థి శిబిరాల బడులకు, ముజాహిదీన్ల ఆధీనంలోని గ్రామాలకు చేరాయి. ఆ పుస్తకాలలో చిన్నపిల్లలు కూడికలు, తీసివేతలు నేర్చుకోవడానికి ఆపిల్ పండ్లకు, పావురాలకు బదులు తూటాలు, తుపాకులు, ట్యాంకులు, చనిపోయిన శత్రు సైనికులు లెక్కలుగా కనిపించాయి. అక్షరమాలలోనూ ఆయుధాలు చేరాయి. జిహాద్ అనే పవిత్ర పదానికి శత్రు సంహారం అన్న ఒక్క అర్థాన్నే బిగించి, ఆ అర్థాన్ని ఏడేళ్ళ పిల్లవాని పలకపై రాయించారు. అదీ ఇస్లాంతో ఏ సంబంధమూ లేని ఒక రాజ్యపు సొమ్ముతో.

అవతలి పక్షమూ పిల్లలను వదలలేదు. కాబూల్ ప్రభుత్వం వేలాదిమంది ఆఫ్ఘన్ బాలలను, యువకులను చదువుల పేరిట సోవియట్ దేశానికి పంపింది. వారిలో అనాథ బాలలు కూడా ఉన్నారు. తమ భాషకు, తమ ప్రార్థనకు, తమ ఊరికి దూరంగా వారిని రేపటి కార్యకర్తలుగా తీర్చిదిద్దాలన్నది ఉద్దేశం. రెండు అగ్రరాజ్యాలు ఏ విషయంలోనూ ఏకీభవించలేదు గాని, దేశాన్ని గెలవాలంటే దాని పిల్లలను గెలవాలన్న ఒక్క మాటపై ఇరువురూ ఏకీభవించారు.

సోవియట్ సైన్యం వెళ్ళిపోయినా ఆ పుస్తకాలు వెళ్ళిపోలేదు. తాలిబాన్ల కాలంలోనూ వాటినే చదివించారు; బొమ్మలలోని మనుషుల ముఖాలను మాత్రం చెరిపివేశారు. 2002లో కొత్త పుస్తకాలు అచ్చు వేయించినపుడు ఆ హింసాత్మక పాఠాలను తొలగించవలసి వచ్చింది. అప్పటికి ఒక తరం ఆ లెక్కలతోనే పెద్దదయింది.

ఇదే ప్రచ్ఛన్న యుద్ధం తెలుగు ఇళ్ళకు ఏ రూపంలో వచ్చిందో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. మాస్కోలో తెలుగులోకి అనువదించి అచ్చు వేసిన అందమైన బాలల పుస్తకాలు స్వల్ప ధరకు విశాలాంధ్ర దుకాణాలలో దొరికేవి. హైదరాబాద్‌లో 1964లో అమెరికా అధ్యయన పరిశోధన కేంద్రం వెలిసింది. సనత్‌నగర్‌లోని ఐడీపీఎల్ ఔషధ కర్మాగారానికి, విశాఖ ఉక్కు కర్మాగారానికి సోవియట్ సాంకేతిక సహకారం లభించింది. అదే పోటీ మనకు పుస్తకమై, మందుబిళ్ళై, ఉక్కై వచ్చింది. ఆఫ్ఘన్లకు తూటా అయి వచ్చింది. ఇచ్చినవారి హృదయం ఒక చోట మంచిదై, మరొక చోట చెడ్డదై ఈ తేడా కలగలేదు. తీసుకునేవారి ఇల్లు ఎంత పదిలంగా ఉన్నది, వారు తమ తగవులను తామే పరిష్కరించుకోగల స్థితిలో ఉన్నారా లేదా అన్నదానిపై ఆ తేడా చాలావరకు ఆధారపడింది. దేశపు వైశాల్యం, ఎన్నికల వ్యవస్థ, బలమైన విద్యాసంస్థలు మనకు రక్షణ కవచాలయ్యాయి.

వెళ్ళిపోయినవారు, మిగిలినవారు

1988 ఏప్రిల్ 14న జెనీవాలో ఒప్పందం కుదిరింది. ఆఫ్ఘన్, పాకిస్తాన్ ప్రభుత్వాలు సంతకాలు చేశాయి. అమెరికా, సోవియట్ రాజ్యాలు హామీదారులుగా నిలిచాయి. పోరాడినవారికి, శిబిరాలలో మగ్గినవారికి ఆ బల్ల దగ్గర చోటు లేదు. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ సేనాపతి బోరిస్ గ్రోమోవ్ అమూ దర్యాపై ఉన్న వంతెనను నడిచి దాటారు. తన వెనుక ఒక్క సోవియట్ సైనికుడు కూడా లేడని ఆయన ప్రకటించారు. ఆ వంతెన పేరు స్నేహ వారధి. అదే సంవత్సరం నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకున్నది. ప్రపంచం పండుగ చేసుకున్నది.

కాబూల్‌కు ఆ పండుగ చేరలేదు. ఆయుధాలు పంపడం మానుకుంటామని 1991 సెప్టెంబరులో ఇరు రాజ్యాలు అంగీకరించాయి. డిసెంబరులో సోవియట్ యూనియన్ అంతరించింది. 1992 ఏప్రిల్‌లో నజీబుల్లా ప్రభుత్వం కూలిపోయింది. శత్రువు లేకపోవడంతో అమెరికాకు ఆ దేశంపై ఆసక్తి నశించింది. మిగిలినవి ఆయుధాలు, పార్టీలు, పాత పగలు.

ఇక్కడ అగ్రరాజ్యాలను మాత్రమే నిందించి ఊరుకోవడం న్యాయం కాదు. కాబూల్ ఎక్కువ భాగం సోవియట్ బాంబులకు కాక, 1992 తరువాత ముజాహిదీన్ వర్గాలు ఒకరిపై ఒకరు కురిపించుకున్న రాకెట్లకు శిథిలమయింది. 1993 మార్చిలో ఇస్లామాబాద్‌లో ఆ నాయకులు శాంతి ఒప్పందం చేసుకున్నారు. ఆపై పవిత్ర మక్కాకు వెళ్ళి దానిని ధ్రువపరిచారు. తిరిగి వచ్చిన కొద్దికాలానికే ఆ మాట తప్పారు. కాబా సన్నిధిలో ఇచ్చిన మాటను నిలుపుకోలేకపోవడానికి కారణం అమెరికా కాదు, రష్యా కాదు. 1996 సెప్టెంబరులో తాలిబాన్లు కాబూల్‌ను పట్టుకున్నారు. సోవియట్లు అంత శ్రమతో తొలిచిన సలాంగ్ మార్గాన్ని ప్రత్యర్థుల రాకను అడ్డుకోవడానికి ఆఫ్ఘన్ యోధులే పేల్చివేశారు. అది తిరిగి తెరుచుకున్నది 2002లో.

మనకు మిగిలే పాఠం

శత్రువు విషయంలోనైనా న్యాయం తప్పరాదని, సమష్టి వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో నడవాలని దివ్య ఖుర్‌ఆన్ విశ్వాసులకు బోధించింది. ఆఫ్ఘన్ చరిత్రలో ఈ రెండు సూత్రాలూ పదేపదే భంగపడ్డాయి. సంప్రదింపులు లేకుండా శాసనాలు చేసిన కమ్యూనిస్టు పాలకుడు, సంప్రదింపులు ముగియకముందే రాకెట్లు పేల్చిన ముజాహిద్ నాయకుడు, వేర్వేరు నినాదాలు చేసినా ఒకే పని చేశారు. ఇంటివారు కూర్చుని తేల్చుకోవలసిన విషయాన్ని బయటివాని ఆయుధానికి అప్పగించారు.

అగ్రరాజ్యాల పేర్లు మారవచ్చు, జెండాల రంగులు మారవచ్చు. పోటీ మాత్రం నేటికీ ఉన్నది. అది ఎపుడూ సైన్యంగానే రాదు. రుణంగా వస్తుంది, రహదారిగా వస్తుంది, ఉపకారవేతనంగా వస్తుంది, బిడ్డ చేతిలో ఒక పుస్తకంగా వస్తుంది. వచ్చిన ప్రతి సాయాన్నీ అనుమానించి తిప్పిపంపడం వివేకం కాదు. హెల్మంద్ నీటితో పండిన పంటను, సలాంగ్ బాటపై నడిచిన బస్సును ఆఫ్ఘన్లు అనుభవించారు. అయితే సాయం తీసుకునే ముందు ఇంట్లో నలుగురూ కలిసి దాని లెక్క చూసుకోవాలి. ఇందులో మనకేమి దక్కుతుంది, ఇచ్చేవారికేమి దక్కుతుంది, రేపు వారు వెళ్ళిపోతే మన చేతిలో ఏమి మిగులుతుంది అని అడగాలి.

మరీ ముఖ్యంగా, మన పిల్లలు ఏమి చదువుతున్నారో, ఎవరి కోపాన్ని తమ కోపంగా నేర్చుకుంటున్నారో తల్లిదండ్రులు తెరిచి చూడాలి. ద్వేషంతో లెక్కలు నేర్పిన పుస్తకాన్ని అచ్చువేయడానికి కొద్ది మాసాలు చాలు. ఆ లెక్కలు ఒక తరం మనసులో నుంచి చెరిగిపోవడానికి ఎన్ని దశాబ్దాలు పడుతుందో ఆఫ్ఘనిస్తాన్‌లో ఇంకా తేలలేదు. ఆ దేశపు తల్లులకు, బిడ్డలకు అల్లాహ్ శాంతిని ప్రసాదించుగాక.